డిస్‌ప్లేకాల్ రివ్యూ: మానిటర్ రంగుల్ని కొలిచి సరిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లదీ, పట్టుచీరలు ఆన్‌లైన్లో అమ్మేవాళ్లదీ ఒకటే ఫిర్యాదు. స్క్రీన్ మీద చూసిన రంగు ఒకటి, ప్రింటులో వచ్చే రంగు ఇంకొకటి. మెరూన్ చీర వంకాయ రంగులోకి జారిపోతుంది. పసుపు రాసిన పాదాలు ఆకుపచ్చగా తేలతాయి. ల్యాబ్ నుంచి వచ్చిన పేజీలన్నీ చీకటిగా ఉంటాయి. అనుమానం వెంటనే ల్యాబ్ మీదికి పోతుంది కానీ, ముందు కొలవాల్సింది మన ఎదురుగా ఉన్న మానిటర్‌ని. ఆ కొలిచే పనికి ఇప్పుడు దొరికే సాఫ్ట్‌వేర్లలో మా మొదటి ఓటు డిస్‌ప్లేకాల్‌కే. సరిచేసిన తర్వాత ఇంకా ఎంత తప్పు మిగిలిందో కూడా అంకెల్లో చూపిస్తుంది, ఆ ఓటు అందుకే. అయితే దీన్ని తప్పుగా వాడితే తప్పుని కూడా అంతే నమ్మకంగా అప్పగిస్తుంది. కాబట్టి ఎక్కడ జాగ్రత్తపడాలో కాస్త వివరంగా చెప్పాలి.

ఇందులో రెండు భాగాలున్నాయి. కొలతలు, లెక్కలు చేసేది గ్రేమ్ గిల్ రాసిన ఆర్గిల్ సీఎంఎస్. అది కమాండ్ లైన్ ప్రోగ్రాముల కట్ట. దానికి బటన్లు, మెనూలు తొడిగి మామూలు మనిషి వాడగలిగేలా చేసింది ఫ్లోరియన్ హోఖ్ తయారుచేసిన డిస్‌ప్లేకాల్. దీని పాత పేరు డిస్ప్‌కాల్ జీయూఐ. రెండూ ఓపెన్ సోర్సే, లైసెన్సు ఖర్చు లేదు. డబ్బు పెట్టాల్సింది పరికరానికి, అంటే స్క్రీన్‌కి ఆనించి రంగుల్ని కొలిచే కలరిమీటర్‌కి. ఎక్స్‌రైట్ ఐ1 డిస్‌ప్లే ప్రో గానీ, 2021 నుంచి అదే కుటుంబాన్ని కాలిబ్రైట్ పేరుతో అమ్ముతున్న పరికరాలు గానీ దీనితో చక్కగా పనిచేస్తాయి. డేటాకలర్ స్పైడర్ ఎక్స్ కూడా నడుస్తుంది. పరికరం లేకుండా కంటితో సరిచేసుకోవచ్చు కదా అంటే, విండోస్‌లోనే అలాంటి కాలిబ్రేషన్ విజర్డ్ ఉంది. కానీ కన్ను దేనికైనా అలవాటుపడుతుంది. నీలంగా ఉన్న తెలుపుని పది నిమిషాలు చూస్తే అదే తెలుపు అనిపిస్తుంది. కంటితో గామా, అంటే నలుపుకీ తెలుపుకీ మధ్య వెలుగులు పెరిగే తీరు, కొంతవరకు సర్దుకోవచ్చు గానీ తెలుపు రంగుని నిర్ణయించలేం.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ వెర్షన్ అన్నది చూసుకోండి. అసలు రచయిత విడుదల చేసిన చివరి వెర్షన్ 3.8.9.3, అది 2019 నాటిది. అది పైథాన్ 2 మీద కట్టింది కాబట్టి లైనక్స్ డిస్ట్రోలు పైథాన్ 2 ని తీసేసినప్పుడు దీన్ని కూడా తీసేశాయి. తర్వాత ఇతర డెవలపర్లు పైథాన్ 3 కి మార్చి 3.9 నుంచి కొత్త వెర్షన్లు ఇస్తున్నారు. విండోస్ 10 మీద పాతది ఇప్పటికీ బాగానే నడుస్తుంది. లైనక్స్‌లో, కొత్త మ్యాక్‌ల్లో పైథాన్ 3 వెర్షనే దారి. మొదటిసారి తెరవగానే ఆర్గిల్ సీఎంఎస్ కనబడలేదు, డౌన్‌లోడ్ చేయమంటారా అని అడుగుతుంది. సరే అంటే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.

పరికరం ప్లగ్ చేసినా లిస్టులో కనబడకపోతే కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి. పరికరంతో వచ్చిన కంపెనీ సాఫ్ట్‌వేర్ తాలూకు ట్రే ప్రోగ్రాం వెనకాల నడుస్తూ దాన్ని పట్టుకుని ఉండొచ్చు. దాన్ని మూసేసి, పరికరం తీసి మళ్లీ పెట్టండి. లేదా డ్రైవర్ సమస్య. ఐ1 డిస్‌ప్లే ప్రో మౌస్, కీబోర్డు తరహాలోనే విండోస్‌కి పరిచయమవుతుంది కాబట్టి వేరే డ్రైవర్ అక్కర్లేదు. స్పైడర్లకి మాత్రం టూల్స్ మెనూలో ఇన్‌స్ట్రుమెంట్ కింద ఆర్గిల్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసే ఐటెం నొక్కాలి.

కొలవడానికి ముందు అరగంట మానిటర్ వెలుగుతూ ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు బ్యాక్‌లైట్ వెలుతురూ, రంగూ కదులుతూ ఉంటాయి. మానిటర్ మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఎకో మోడ్, బ్లూ లైట్ తగ్గించే మోడ్, పరిసర కాంతిని బట్టి మారే బ్రైట్‌నెస్ అన్నీ ఆపేయండి. ల్యాప్‌టాప్‌లో ఇంకో దొంగ ఉంటుంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో డిస్‌ప్లే పవర్ సేవింగ్, ఏఎండీలో వేరీ బ్రైట్ అనే సెట్టింగు బ్యాటరీ మీద ఉన్నప్పుడు చిత్రంలోని చీకటి, వెలుగులను బట్టి బ్యాక్‌లైట్‌ని కదుపుతాయి. అది ఆన్‌లో ఉంటే కొలతలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. ఛార్జర్ పెట్టి, వాటిని ఆపి మొదలుపెట్టండి. విండోస్‌లో నైట్ లైట్, హెచ్‌డీఆర్, విండోస్ 11 లో ఉన్న ఆటోమేటిక్ కలర్ మేనేజ్‌మెంట్ కూడా ఆఫ్ చేయాలి. మ్యాక్‌లో అయితే ట్రూ టోన్, నైట్ షిఫ్ట్.

పరికరాన్ని స్క్రీన్ మధ్యలో వేలాడదీస్తాం. వైరు మీద బరువు ఉంటుంది, అది స్క్రీన్ వెనక్కి వేస్తే పరికరం ముందు నిలబడుతుంది. స్క్రీన్‌ని కొంచెం వెనక్కి వంచితే పరికరం బల్లపరుపుగా అతుక్కుంటుంది. పక్కనుంచి దీపం వెలుతురు లోపలికి పోతే నలుపు కొలత పాడవుతుంది, కాబట్టి గదిలో లైట్లు తీసేయడం మేలు. ఐ1 డిస్‌ప్లే ప్రోకి పాల రంగు మూత ఒకటి ఉంటుంది, గదిలో వెలుతురు కొలిచేందుకు. దాన్ని తిప్పి వెనక్కి నెట్టకుండా కొలిస్తే అన్నీ తప్పే.

ఇక అసలు విషయం. డిస్‌ప్లేకాల్ మొదటి ట్యాబులో డిస్‌ప్లే, ఇన్‌స్ట్రుమెంట్, మోడ్, వాటి కింద కరెక్షన్ అనే గడి ఉంటాయి. ఎక్కువమంది ఈ కరెక్షన్‌ని అలాగే వదిలేసి ముందుకు వెళ్లిపోతారు. ఫలితం ఎంత నిజమన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. కలరిమీటర్ లోపల కొన్ని ఫిల్టర్లుంటాయి. మనిషి కన్ను రంగుని ఎలా చూస్తుందో 1931 లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ ఖరారు చేసిన వక్రరేఖలకి దగ్గరగా ఉండేలా వాటిని చేస్తారు. దగ్గరగానే, అచ్చంగా కాదు. ఆ తేడా ఎంత కనబడుతుందన్నది బ్యాక్‌లైట్ స్పెక్ట్రం మీద, అంటే అందులో ఏ రంగు వెలుతురు ఎంత ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మామూలు తెల్ల ఎల్ఈడీలో నీలం ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూస్తారు, ఎరుపు ప్రాంతం విశాలంగా, మెత్తగా ఉంటుంది. ఎక్కువ రంగులు చూపించే కొత్త ప్యానెళ్లలో వాడే పీఎఫ్ఎస్ ఫాస్ఫర్‌లో ఎరుపు 630 నానోమీటర్ల దగ్గర సూదుల్లాంటి సన్నని శిఖరాలుగా ఉంటుంది. ఒకే పరికరం, ఏ కరెక్షన్ లేకుండా, ఈ రెండింటినీ ఒకేలా నిజంగా కొలవలేదు. అందుకే ఏ రకం బ్యాక్‌లైటో మనం చెప్పాలి.

ఎలా తెలుసుకోవాలి? మానిటర్ స్పెసిఫికేషన్లో రంగుల విస్తీర్ణం చూడండి. ఎస్ఆర్‌జీబీ (వెబ్‌కి, మామూలు ఫోటోలకి వాడే ప్రామాణిక రంగుల పరిధి) 99 లేదా 100 శాతం అని మాత్రమే ఉంటే చాలావరకు తెల్ల ఎల్ఈడీ, లిస్టులో వైట్ ఎల్ఈడీ ఫ్యామిలీ అని ఉన్నది ఎంచుకోండి. అంతకన్నా విశాలమైన డీసీఐ పీ3 అనే పరిధి 95 శాతం దాటితే ఎక్కువగా పీఎఫ్ఎస్ ఫాస్ఫర్. ఓఎల్ఈడీకి వేరే ఎంపిక ఉంది. పాత వైడ్ గ్యామట్ (ఎక్కువ రంగులు చూపించే) మానిటర్లు కొన్ని అడోబీ ఆర్‌జీబీ అనే ఇంకో విశాల పరిధి కోసం చేసినవి, వాటిలో జీబీ ఎల్ఈడీ గానీ ఆర్‌జీ ఫాస్ఫర్ గానీ ఉంటుంది. మోడల్ పేరుతో ప్యానెల్ వివరాలు వెతికితే ఖాయం చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. డిస్‌ప్లేకాల్‌కి ఆన్‌లైన్లో కరెక్షన్ల భాండాగారం ఉంది, వాడుకరులు కొలిచి పెట్టినవి. అందులో రెండు రకాలు. సీసీఎస్ఎస్ అనేది బ్యాక్‌లైట్ స్పెక్ట్రాన్ని మాత్రమే వివరిస్తుంది, మీ పరికరం ఏ కాపీ అయినా పనికొస్తుంది. సీసీఎంఎక్స్ అలా కాదు. అది ఫలానా వ్యక్తి దగ్గరున్న ఫలానా కలరిమీటర్‌ని, ఫలానా మానిటర్ మీద స్పెక్ట్రోమీటర్‌తో (వెలుతురుని విడదీసి కొలిచే ఇంకా కచ్చితమైన పరికరం) పోల్చి చేసినది. వాళ్ల పరికరంలో ఉన్న తేడా మీ పరికరంలో ఉండదు. అదే మోడల్ కదా అని వేరేవాళ్ల సీసీఎంఎక్స్ పెట్టుకుంటే తెలుపు గులాబీకో పచ్చకో లాగుతుంది. ఐ1 డిస్‌ప్లే ప్రో కుటుంబం సీసీఎస్ఎస్‌ని తీసుకుంటుంది, దాన్ని సిఫారసు చేయడానికి మాకున్న పెద్ద కారణం ఇదే. చాలా పాత కలరిమీటర్లలో ఫిల్టర్లు ఏళ్లతో మారిపోతాయి, కాబట్టి పదేళ్ల నాటి సెకండ్ హ్యాండ్ పరికరం చవగ్గా వచ్చిందని తీసుకోవద్దు.

తర్వాత కాలిబ్రేషన్ ట్యాబు. పైన సెట్టింగ్స్ అని ఒక లిస్టు, దాంట్లో ఆఫీస్, వెబ్, ఫోటో, ల్యాప్‌టాప్, ఎస్ఆర్‌జీబీ అంటూ రెడీమేడ్ ఎంపికలున్నాయి. మొదలుపెట్టేవాళ్లకి ఆఫీస్ అండ్ వెబ్ సరిపోతుంది. అది తెలుపుని డీ65 గా, గామాని 2.2 గా పెడుతుంది. డీ65 అంటే సుమారు 6500 కెల్విన్ పగటి వెలుగు. ఎస్ఆర్‌జీబీ ప్రమాణానికి కూడా ఇదే తెలుపు. ప్రింటు పక్కన పెట్టి చూసుకోవడం కోసం డీ50 (డీ65 కన్నా పసుపు వైపు ఉండే తెలుపు) పెట్టమని కొందరు చెబుతారు. గదిలో ప్రింట్లు చూసుకునేందుకు డీ50 దీపాలున్న ప్రూఫింగ్ బూత్ ఉంటే ఆ మాట నిజం. మామూలు ట్యూబ్‌లైట్ కింద స్టూడియోలో డీ50 పెడితే స్క్రీన్ పసుపుగా కనబడి, దాన్ని తగ్గించడానికి ఫోటోలన్నీ నీలం చేసేస్తారు.

తెలుపు కన్నా ఎక్కువ నష్టం చేసేది బ్రైట్‌నెస్. డబ్బా తీసి పెట్టిన మానిటర్ 250 నుంచి 300 నిట్ల (తెర వెలుతురుని కొలిచే ప్రమాణం) మీద వెలుగుతూ ఉంటుంది. ప్రింట్ చూసుకునే పనికి 100 నుంచి 120 నిట్లు చాలు. 250 అంటే 120 కి రెట్టింపు పైనే, కెమెరా భాషలో ఒక స్టాప్ దాటి. ఆ స్క్రీన్ మీద ముఖం సరిగ్గా ఉందనుకుని పంపిన ఫైలు కాగితం మీద ఒక స్టాప్ చీకటిగా వస్తుంది. ల్యాబ్ నుంచి వచ్చిన ఆల్బమ్ చీకటిగా ఉందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే, రంగు ప్రొఫైల్‌తో (మానిటర్ రంగుల వివరణ ఉండే ఫైలు) సంబంధమే లేదు. వైట్ లెవెల్ గడిలో కస్టమ్ ఎంచుకుని 120 అని రాయండి. గది మసకగా ఉంటే 100. పక్కనే ఉన్న బ్లాక్ లెవెల్‌ని మాత్రం కొలిచినంతే ఉండనివ్వండి. కాలిబ్రేషన్ స్పీడ్ మీడియం.

కాలిబ్రేట్ అండ్ ప్రొఫైల్ నొక్కగానే వచ్చే కిటికీ ఈ సాఫ్ట్‌వేర్‌లో మాకు బాగా నచ్చిన చోటు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గీతలు, పక్కన బ్రైట్‌నెస్ గీత, మధ్యలో లక్ష్యం గుర్తు. స్టార్ట్ మెజర్‌మెంట్ అంటే పరికరం ఆగకుండా కొలుస్తూ ఉంటుంది, మీరు మానిటర్ మెనూలో అంకె మార్చగానే ఒకటి రెండు సెకన్లలో గీత కదులుతుంది. మానిటర్‌లో కలర్ మోడ్‌ని యూజర్ లేదా కస్టమ్‌కి మార్చితే మూడు రంగుల గెయిన్, అంటే ఆ రంగు బలం, విడివిడిగా కనబడుతుంది. సాధారణంగా అన్నీ 100 దగ్గర ఉంటాయి. ఉదాహరణకు నీలం గీత గుర్తు దాటి పోయింది, ఎరుపు వెనకబడింది అనుకోండి. ఎరుపుని పెంచడానికి చోటు లేదు కాబట్టి నీలాన్ని 100 నుంచి 92, 90 అలా తగ్గిస్తూ పోవాలి, అవసరమైతే ఆకుపచ్చ 97. ఏ రంగు వెనకబడిందో దాన్ని 100 మీద వదిలి మిగతా రెండింటిని దాని దగ్గరికి దించడం పద్ధతి. రంగు దగ్గరకొచ్చాక బ్రైట్‌నెస్ చూసుకుని, మళ్లీ రంగు ఒకసారి చూడండి, ఒకటి కదిపితే ఇంకొకటి కొద్దిగా కదులుతుంది. కాంట్రాస్ట్ అంకె ముట్టుకోవద్దు. దాన్ని పెంచితే తెల్లచీర మడతలు కలిసిపోయి ఒకే తెల్లముద్ద అవుతాయి.

ఇదంతా మానిటర్ లోపలే ఎందుకు చేయాలి, సాఫ్ట్‌వేర్ చేసేస్తుంది కదా అంటే ఒక చిన్న లెక్క చూడండి. నీలం వెలుతురు 15 శాతం తగ్గించాలి. మానిటర్ గెయిన్‌తో చేస్తే ఆ రంగుకి ఉన్న 0 నుంచి 255 దాకా 256 మెట్లూ అలాగే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కించే సవరణ టేబుల్‌తో చేస్తే గామా 2.2 ప్రకారం 255 కి బదులు 237 పంపాలి. అంటే నీలంలో పై 18 మెట్లు పోయాయి. ఆకాశం, గోడ లాంటి సాఫీ గ్రేడియెంట్లలో గీతలు కనబడటానికి కారణం ఇలా పోయిన మెట్లే. చేతితో మూడు గీతల్ని మధ్యకి తెచ్చి, మిగిలిన చిన్న తేడా మాత్రమే సాఫ్ట్‌వేర్‌కి వదలాలి. ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి ఆ గెయిన్లు ఉండవు. అక్కడ వైట్ పాయింట్‌ని, అంటే తెలుపు రంగుని, కొలిచినట్టే ఉంచడం మంచిది, మరీ నీలంగా ఉంటే తప్ప.

ఈ కిటికీలోనే ఇంకో రోగం బయటపడుతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ మీద గ్రాఫిక్స్ కార్డు కొన్నిసార్లు టీవీ అనుకుని 0 నుంచి 255 కి బదులు 16 నుంచి 235 వరకే సిగ్నల్ పంపుతుంది. నలుపు బూడిదగా, అంతా పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. కొలతలో చూస్తే ఐపీఎస్ రకం ప్యానెల్ ఉన్న మానిటర్ కాంట్రాస్ట్ (నలుపు కన్నా తెలుపు ఎన్ని రెట్లు వెలుగుతుందో) 1000 దగ్గర ఉండాల్సింది 250 దగ్గర ఆగుతుంది. దీనికి కాలిబ్రేషన్ మందు కాదు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ని ఫుల్‌కి, కలర్ ఫార్మాట్‌ని ఆర్‌జీబీకి మార్చి, కొలతలు మొదటి నుంచి చేయాలి.

ప్రొఫైలింగ్ ట్యాబులో నిర్ణయం ఒక్కటే, ప్రొఫైల్ రకం. ఎక్స్‌వైజెడ్ లట్ ప్లస్ మ్యాట్రిక్స్ కచ్చితమైనది, కానీ పెద్ద టేబుల్. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని సరిగ్గా చదవవు, నీడల్లో నల్ల మచ్చలు, రంగు మెట్లు వస్తాయి. సింగిల్ కర్వ్ ప్లస్ మ్యాట్రిక్స్ సాదాసీదాది, ఎక్కడైనా పనిచేస్తుంది, ఐపీఎస్ మానిటర్ మీద తేడా కంటికి ఆనదు. పాత టీఎన్ రకం ప్యానెల్, లేదా మూడు రంగుల గామాలు ఒకదానితో ఒకటి కలవని ల్యాప్‌టాప్ అయితే లట్ తీసుకోండి. ఆల్బమ్ పనికి సింగిల్ కర్వ్ చాలు, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ టిక్ ఉంచండి. పాచెస్, అంటే తెర మీద చూపించి కొలిచే రంగు ముక్కలు, 175 పెడితే ధారాళంగా సరిపోతాయి. వేల పాచెస్‌తో గంటలు నడపడం వల్ల ఆ గంటల్లో మానిటర్ స్వయంగా కదిలిన తేడా లోపలికి వస్తుందే తప్ప లాభం లేదు.

పని పూర్తయ్యాక ప్రొఫైల్ సమాచారం తెరిస్తే ఎస్ఆర్‌జీబీలో ఎంత శాతం మీ స్క్రీన్ చూపగలదో వస్తుంది. చవక ల్యాప్‌టాప్‌లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ ప్రమాణం) అని రాసి ఉండే ప్యానెళ్లు ఇక్కడ 60 చిల్లర దగ్గర ఆగుతాయి. వాటిలో కుంకుమ ఎరుపు ఇటుక రంగులోకి, పసుపు వాడిన రంగులోకి పడిపోతాయి. ఏ కాలిబ్రేషనూ లేని రంగుని పుట్టించలేదు. ఆ ల్యాప్‌టాప్ మీద రంగు దిద్దే పని చేయకండి, ఎస్ఆర్‌జీబీ 99 శాతం ఉన్న మామూలు 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ పక్కన పెట్టుకోండి. ఖరీదైన కలరిమీటర్ కొనడానికి ముందు అది కొనడం న్యాయం.

వెరిఫికేషన్ ట్యాబుని వదలొద్దు. ఎక్స్‌టెండెడ్ వెరిఫికేషన్ చార్టుతో కొలిపిస్తే రిపోర్టు బ్రౌజర్లో తెరుచుకుంటుంది. ప్రతి రంగుకీ డెల్టా ఈ 2000 అంకె (రావాల్సిన రంగుకీ వచ్చిన రంగుకీ తేడా), సగటు, అన్నింటికన్నా ఎక్కువ తప్పు ఎక్కడ ఉందో వరసగా ఉంటాయి. సగటు 1 లోపు, గరిష్ఠం 3 లోపు ఉంటే నిశ్చింతగా పని చేసుకోవచ్చు. బూడిద రంగుల వరస ప్రత్యేకంగా చూడండి, నలుపు తెలుపు ఫోటోలో రంగు చాయ పడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. అయితే ఈ రిపోర్టు గురించి ఒక నిజం చెప్పాలి. ఏ పరికరంతో, ఏ కరెక్షన్‌తో ప్రొఫైల్ చేశారో దానితోనే పరీక్షిస్తున్నారు. గజంకర్ర కురచదైతే గుడ్డని రెండోసారి కొలిచినా అదే అంకె వస్తుంది. కరెక్షన్ తప్పు పెట్టి ఉంటే కూడా రిపోర్టు 0.4 అని మెరుస్తుంది. కాబట్టి రిపోర్టు బాగుండి, పక్కపక్కన పెట్టిన రెండు మానిటర్లలో తెలుపు వేరుగా కనబడుతోందంటే మొదట కరెక్షన్‌ని అనుమానించండి. అదీ సరిగ్గానే ఉంటే విజువల్ వైట్‌పాయింట్ ఎడిటర్ అనే ఉపకరణంతో రెండో మానిటర్ తెలుపుని కంటికి మొదటిదానితో కలిపి, ఆ విలువనే లక్ష్యంగా పెట్టుకోవచ్చు. వేర్వేరు బ్యాక్‌లైట్లున్న మానిటర్లు అంకెల్లో ఒకటైనా కంటికి ఒకటి కాకపోవడం మామూలే.

ఇప్పుడు విండోస్ వంతు. ప్రొఫైల్ ఇన్‌స్టాల్ అయ్యాక అది రెండు పనులు చేయాలి. గ్రాఫిక్స్ కార్డులోకి సవరణ టేబుల్ ఎక్కాలి, సాఫ్ట్‌వేర్లకి మానిటర్ రంగుల వివరణ అందాలి. మొదటిది తరచూ చెడిపోతుంది. నిద్ర నుంచి లేచినప్పుడు, గేమ్ ఫుల్ స్క్రీన్ అయినప్పుడు, డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు టేబుల్ చెరిగిపోయి స్క్రీన్ పాత రంగుకి వెళ్తుంది. దీనికోసమే గడియారం పక్కన డిస్‌ప్లేకాల్ ప్రొఫైల్ లోడర్ కూర్చుని చెరిగిన వెంటనే తిరిగి ఎక్కిస్తుంది. మా దృష్టిలో విండోస్ వాడేవాళ్లకి ఈ ఒక్క చిన్న ప్రోగ్రాం కోసమైనా డిస్‌ప్లేకాల్ పెట్టుకోవచ్చు. ఇది ఉండగా కంపెనీ సాఫ్ట్‌వేర్ లోడర్‌ని కూడా నడపకండి, ఇద్దరు డ్రైవర్లు ఒకే స్టీరింగ్ పట్టుకున్నట్టు అవుతుంది. నైట్ లైట్ సాయంత్రం తనంతట తాను ఆన్ అయ్యేలా పెట్టి ఉంటే అది కూడా అదే టేబుల్‌తో ఆడుతుంది. లైనక్స్‌లో వేలాండ్ సెషన్ మీద డిస్‌ప్లేకాల్ టేబుల్ ఎక్కించడం సరిగ్గా జరగదు, కొలవడానికి వీలుంటే పాత పద్ధతి అయిన ఎక్స్11 సెషన్‌లోకి వెళ్లండి.

రెండో పని సాఫ్ట్‌వేర్ల మీద ఉంది. ఫోటోషాప్, లైట్‌రూమ్ సిస్టమ్ ప్రొఫైల్‌ని వాటంతట అవే తీసుకుంటాయి, ప్రొఫైల్ మార్చాక ఒకసారి మూసి తెరవండి. విండోస్ డెస్క్‌టాప్, ఫోల్డర్లలో కనబడే చిన్న బొమ్మలు ప్రొఫైల్‌ని పట్టించుకోవు. వైడ్ గ్యామట్ మానిటర్ మీద వాటిలో ముఖాలు టమాటా ఎరుపులో కనబడటం అందుకే. అది చూసి ఫోటోని దిద్దకూడదు. క్రోమ్ ప్రొఫైల్ లేని బొమ్మల్ని ఎస్ఆర్‌జీబీ అనుకుని సరిగ్గా చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ మాత్రం మామూలుగా ప్రొఫైల్ ఉన్న బొమ్మలనే సరిచేస్తుంది. అబౌట్ కాన్ఫిగ్ అనే దాని లోపలి సెట్టింగుల పేజీలో కలర్ మేనేజ్‌మెంట్ మోడ్ 2 అని ఉంటుంది, దాన్ని 1 చేస్తే అన్నింటికీ వర్తిస్తుంది.

ఆల్బమ్ స్టూడియోల్లో ఒక తప్పు తరచుగా జరుగుతుంది, అది చేస్తే ఇప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా. ఫోటోషాప్ కలర్ సెట్టింగ్స్‌లో వర్కింగ్ స్పేస్ (ఫైళ్ల రంగులు ఏ పరిధిలో ఉండాలో చెప్పేది) దగ్గర కొత్తగా చేసిన మానిటర్ ప్రొఫైల్‌ని ఎంచుకోవడం. మానిటర్ ప్రొఫైల్ మీ ఒక్క స్క్రీన్‌కి చెందిన చీటీ. దాన్ని వర్కింగ్ స్పేస్ చేస్తే ఫైళ్లన్నీ మీ స్క్రీన్ లోపాల లెక్కలో తయారవుతాయి, ల్యాబ్‌కి వెళ్లగానే రంగులు మారిపోతాయి. వర్కింగ్ స్పేస్ ఎస్ఆర్‌జీబీగానే ఉంచండి. ల్యాబ్ ఎస్ఆర్‌జీబీ జేపెగ్ అడిగితే కన్వర్ట్ టు ప్రొఫైల్ వాడాలి. అసైన్ ప్రొఫైల్ అంకెలు మార్చకుండా చీటీ మాత్రమే మారుస్తుంది, కాబట్టి రంగు తారుమారవుతుంది. ల్యాబ్ తన పేపర్ ప్రొఫైల్ ఇస్తే వ్యూ మెనూలో ప్రూఫ్ సెటప్ కింద దాన్ని పెట్టుకుని చూడండి. పట్టుచీరల్లో ఉండే చిక్కటి ఎరుపు, నెమలికంఠం రంగు కాగితం ఎంతవరకు పట్టగలదో పంపకముందే కనబడుతుంది.

లోపాలు కూడా ఉన్నాయి. మొహం మీద ఇన్ని గడులు, ఇన్ని లిస్టులు చూసి కొత్తవాళ్లు బెదురుతారు, ఏది ముఖ్యమో ఏది కాదో తెరమీద తేడా కనబడదు. ఈ విషయంలో కాలిబ్రైట్ సొంత సాఫ్ట్‌వేర్ ఎంతో తేలిక. నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే పదిహేను నిమిషాల్లో పని అవుతుంది, కరెక్షన్ కూడా సులభమైన మాటల్లో అడుగుతుంది. ఒకే మానిటర్, సాధారణ తెల్ల ఎల్ఈడీ, కొలత వివరాల మీద ఆసక్తి లేదంటే అదే వాడండి. రెండు మూడు మానిటర్లు కలపాల్సిన స్టూడియోకి, వీడియోల రంగులు దిద్దే గ్రేడింగ్ కోసం 3డీ లట్ (రంగుల్ని మార్చే టేబుల్) కావాల్సినవాళ్లకి, రిపోర్టు చూడకుండా నమ్మలేనివాళ్లకి డిస్‌ప్లేకాల్. ఐజో కలర్‌ఎడ్జ్, బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ లాంటి మానిటర్లకి సవరణ మానిటర్ లోపలి చిప్‌లోకే ఎక్కుతుంది. వాటికి ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనే కాలిబ్రేట్ చేసి, డిస్‌ప్లేకాల్‌ని పరీక్షకి మాత్రం వాడటం మంచిది.

ఇంకో మాట, ఫోన్ల గురించి. కస్టమర్ చీర రంగుని చూసేది ఎక్కువగా అమోలెడ్ ఫోన్లో. శాంసంగ్, వన్‌ప్లస్ ఫోన్లలో స్క్రీన్ మోడ్ వివిడ్ అని ఉంటే ఎరుపు, ఆకుపచ్చ నిజానికన్నా గాఢంగా కనబడతాయి. కాలిబ్రేట్ చేసిన మానిటర్ దాన్ని మార్చలేదు. ఫోటో పంపేటప్పుడు నేచురల్ మోడ్‌లో చూడమని ఒక వాక్యం రాస్తే, రంగు వేరుగా వచ్చిందని చీరలు తిరిగి రావడం కొంత తగ్గించుకోవచ్చు.

మిత్రుడి దగ్గర అదే మోడల్ మానిటర్ ఉంది కదా అని అతని ప్రొఫైల్ ఫైలు తెచ్చుకోవద్దు. ఒకే మోడల్‌లో ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ తేడా ఉంటుంది, బ్రైట్‌నెస్ అంకె కూడా ఒకటి కాదు. దానికి బదులు నలుగురు స్టూడియోవాళ్లు కలిసి ఒక కలరిమీటర్ కొనుక్కుంటే ఖర్చు పంచుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సుల లెక్క లేదు కాబట్టి ఎన్ని కంప్యూటర్ల మీదైనా పెట్టుకోవచ్చు. నెలకోసారి కొలిస్తే చాలు. ప్రతిసారీ మానిటర్‌లో పెట్టిన బ్రైట్‌నెస్, మూడు గెయిన్ల అంకెలు, వాడిన కరెక్షన్ పేరు, తేదీ ఒక చిన్న కాగితం మీద రాసి స్టాండుకి అంటించండి. ఎవరైనా మెనూలో వేలు పెట్టి రీసెట్ కొడితే, ప్రొఫైల్ పాత అంకెల మీద చేసినది కాబట్టి తప్పు చూపిస్తుంది. ఆ కాగితం చూసి అంకెలు మళ్లీ పెట్టుకుంటే అర నిమిషంలో పని మొదలవుతుంది.